తోలు పైపొరకు ప్లాస్మా చికిత్స : రైతులు తెలిసికొనదగిన విషయములు

మోమిన్‌పేట్, వికారాబాదు, తాండూరు ప్రాంతములందు పంటతోపాటు గొర్రెలను, మేకలను పెంచుట తరతరాలుగా వచ్చుచున్న వాడుక. కంది, జొన్న, ప్రత్తి సరిగా పండని యేట ఇల్లు నిలబెట్టునది మందయే. 2019వ సంవత్సరపు పశుగణన ప్రకారము గొర్రెల సంఖ్యలో మన దేశమునందు తెలంగాణ మొదటి స్థానమున నిలిచినది. ఆ సంఖ్య సుమారు 1 కోటి 90 లక్షలు. ఈ జీవాల మాంసము ధర రైతుకు తెలియును. మంద తోలిన చేను ఎంత బలమగునో తెలియును. తోలు మాత్రము కోసినవాని చేతికి పోవును; దాని మంచిచెడ్డలు రైతు లెక్కలోనికి రావు.

తోళ్ళ పరిశ్రమలో ప్లాస్మా అను క్రొత్త పద్ధతిని గూర్చి అనేక దేశములలో పరిశోధనలు జరుగుచున్నవి. ఇందులో నీరు పట్టదు, రసాయనములు బహు కొద్దిగా పట్టును, తోలు పైభాగము గుణము కొద్ది నిమిషములలో మారును. ఇది విన్న రైతు రెండు ప్రశ్నలు అడుగుట న్యాయము. ఈ యంత్రము వచ్చినచో మన తోళ్ళకు ధర పెరుగునా? తోళ్ళ కార్ఖానాల నుండి వచ్చు మురికినీటి బెడద తగ్గునా? ఈ రెంటికి సమాధానము చెప్పుటయే ఈ వ్యాసము ఉద్దేశము. నేను పంటల శాస్త్రము బోధించువాడను. అయినను తోలు పుట్టునది రైతు దొడ్డిలో. తోలు కడిగిన నీరు తుదకు చేరునది రైతు చేనిలో. కావున ఈ విషయము వ్యవసాయమునకు దూరమైనది కాదు.

తోలు అనగా నేమి?

అప్పుడే వలిచిన పచ్చితోలులో నూటికి 60 నుండి 65 పాళ్ళు నీరే యుండును. మిగిలినదానిలో చాల భాగము కొల్లాజెన్ అను మాంసకృత్తు. ఇది సన్నని పోగులుగా ఏర్పడి, జనపనార పేడినట్లు ఒకదానితో నొకటి పెనవేసికొని యుండును. తోలు బలమంతయు ఈ పోగుల అల్లికలోనే యున్నది. వెండ్రుకలుండు వైపు అల్లిక బహు సన్నముగా నుండి నునుపైన పొరగా కనబడును. చెప్పుపైన, సంచిపైన మన కంటికి కనబడునది ఈ పొరయే. కొనువాడు ధర కట్టునది గూడ దీనిని చూచియే.

పచ్చితోలును తడిగా నుంచిన కుళ్ళును. ఎండబెట్టిన అట్టవలె బిగుసుకొనును. 60, 65 డిగ్రీల వేడినీటిలో వేసిన ముడుచుకొని పోవును. ఊనిన తోలు అట్లు కాదు. తంగేడు చెక్క, కరక్కాయ వంటివానిలోని వగరు పదార్థము పోగులను పట్టుకొని కట్టి వేయును. అట్టి తోలు 75 నుండి 85 డిగ్రీల వరకు తట్టుకొనును. క్రోమియం లవణములతో ఊనిన తోలు 100 డిగ్రీల వేడికి గూడ ఓర్చును. క్రోమియం పద్ధతి 19వ శతాబ్దము చివర అమెరికాలో వాడుకలోనికి వచ్చి, నేడు లోకమంతట వ్యాపించినది.

మన పల్లెలలో ఈ పని లందలలో జరిగెడిది. తోలును సున్నపు నీటిలో నానవేసి, వెండ్రుకలు గీకి, తంగేడు చెక్క రసములో ఊరబెట్టెడివారు. కొన్నిచోట్ల తోలును సంచివలె కుట్టి, అందులో చెక్క రసము పోసి వ్రేలాడదీసెడివారు. తంగేడు చెక్కలో నూటికి సుమారు 18 పాళ్ళు, కరక్కాయలో సుమారు 30 పాళ్ళు వగరు పదార్థముండును. ఈ విద్యను నిలిపినవారు మాదిగ కుటుంబములవారు. మోట బొక్కెన, ఎద్దుల వార్లు, కాలి చెప్పులు అన్నియు వారి చేతి పనియే. ఊరి సేద్యము వారి పనిమీద నడచినను, ఆ పనికి తగిన ప్రతిఫలముగాని, గౌరవముగాని వారికి దక్కలేదు.

ఈ విద్యకు శాస్త్రమును జోడించినవారిలో మన తెలుగువారు ముఖ్యులు. తెనాలి ప్రాంతపు యలవర్రు గ్రామమున 1922లో జన్మించిన డాక్టరు యలవర్తి నాయుడమ్మగారు మద్రాసులోని కేంద్రీయ చర్మ పరిశోధన సంస్థకు 1958 నుండి 1971 వరకు సంచాలకులుగా నుండిరి. ఆ సంస్థ 1948లో స్థాపింపబడినది. ప్రయోగశాలలో కనుగొన్నది పల్లెలోని లందవరకు చేరవలెనని ఆయన పాటుపడిరి. 1985లో కనిష్క విమాన ప్రమాదములో ఆయన మరణించిరి. క్రొత్త పద్ధతి ఏది వచ్చినను, అది పల్లెవానికి ఏమి చేయునని అడుగుట ఆయన పనినుండి మనము నేర్చుకొనదగిన పాఠము.

పైపొర గుణము : చేమ ఆకు ఉపమానము

చేమ ఆకు మీద నీరు పడిన ముత్యమువలె దొర్లి పోవును. చిక్కుడు ఆకు మీద పడిన నీరు కొంత పరచుకొనును. ఉల్లి, క్యాబేజీ పైర్లకు మందు కొట్టునపుడు ద్రావణము నిలువక జారిపోవునని రైతులకు తెలియును. అందుకే మందులో జిగురు ద్రావకము కలుపుదురు. ఆకు లోపలి పదార్థము ఎట్లున్నను, నీటిబొట్టు నిలుచునా జారునా అన్నది ఆకు పైనుండు మైనపు పొర నిర్ణయించును. ఆ పొర మందము చూడబోయిన కంటికి అందదు.

తోలు విషయమును ఇట్లే తలపవలెను. ఊనిన తోలుకు మెత్తదనము కొరకు నూనెలు పట్టింతురు. ఆ జిడ్డు పైన నిలిచినచో రంగు సమముగా అంటదు. పైపూత కొన్నాళ్ళకు పొలుసులుగా ఊడును. వానలో తొడుగు జోళ్ళ విషయమున దీనికి విరుద్ధమైన కోరిక గలదు. అచ్చట నీరు అంటకుండ జారవలెను. కావున పరిశ్రమవారు ఒకప్పుడు తడిని పీల్చు పైపొరను, మరియొకప్పుడు తడిని త్రోసివేయు పైపొరను కోరుదురు. ఇంతవరకు ఈ రెండు పనులకును ద్రావకములు, జిగురులు, మైనములు, నూనెలు వాడుచున్నారు. ఆ పనినే విద్యుత్తుతోను, గాలితోను చేయుట ప్లాస్మా పద్ధతి.

ప్లాస్మా అనగా నేమి?

మంచుగడ్డను వేడిచేసిన నీరగును. నీటిని వేడిచేసిన ఆవిరి యగును. ఆవిరికిని, గాలికిని ఇంకను బలమైన శక్తి నిచ్చినచో వాని పరమాణువుల నుండి ఎలక్ట్రాన్లు విడివడును. అట్లు విడివడిన ఎలక్ట్రాన్లు, విద్యుదావేశము గల కణములు, మామూలు వాయుకణములు కలిసియున్న స్థితికే ప్లాస్మా అని పేరు. ఈ పేరును 1928లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ పెట్టెను. రక్తములోని ప్లాస్మాకును దీనికిని సంబంధము లేదు. పేరు మాత్రమే ఒకటి.

ప్లాస్మాను చూడనివారు లేరు. ఆకాశమున మెరయు మెరుపు ప్లాస్మాయే. వెల్డింగు చేయునపుడు కన్ను చెదరగొట్టు వెలుగు ప్లాస్మాయే. ట్యూబులైటు లోపల వెలుగుటకు కారణమును ప్లాస్మాయే. ఈ మూడింటిలో ఒక భేదమును గమనింపుడు. మెరుపు చెట్టును కాల్చును, వెల్డింగు మంట ఇనుమును కరగించును, కాని వెలుగుచున్న ట్యూబులైటును చేతితో ముట్టుకొనవచ్చును. ట్యూబు లోపల వాయువు బహు పలుచగా నుండును. అందు ఎలక్ట్రాన్లు మాత్రము గొప్ప శక్తితో పరుగెత్తుచుండును. బరువైన వాయుకణములు చల్లగానే యుండును. దీనిని చల్లని ప్లాస్మా యందురు. తోలుకు వాడునది ఈ చల్లని ప్లాస్మాయే. తోలు కాలదు, ముడుచుకొనదు.

ఇట్టి పనికి మన ఇండ్లలోనే ఒక ఉదాహరణ గలదు. పాల పాకెట్ల ప్లాస్టిక్కు కాగితము పుట్టుకతో సిరాను పట్టుకొనదు. అద్దిన అక్షరములు వ్రేలితో రుద్దిన పోవును. అందుచే ముద్రణకు ముందు ఆ కాగితము మీద విద్యుత్తును ప్రసరింపజేసి పైపొర గుణమును మార్తురు. అప్పుడు సిరా గట్టిగా పట్టును. ఇది ప్లాస్మా కుటుంబమునకు చెందిన పనియే. కావున ఇది నిన్న పుట్టిన వింత కాదు. తోలుకు వర్తింపజేయుట మాత్రమే క్రొత్త.

తోలుకు ఈ చికిత్స ఎట్లు చేయుదురు?

గట్టి ఇనుప పెట్టెలో ఆరిన తోలును వ్రేలాడదీయుదురు. పంపుతో లోపలి గాలిని తోడివేసి, కావలసిన వాయువును కొద్దిగా లోనికి వదలుదురు. పెట్టెలోని లోహపు పలకలకు రేడియో తరంగముల వేగము గల విద్యుత్తును కలుపుదురు. లోపల వాయువు లేత ఊదా రంగుననో, గులాబి రంగుననో వెలుగును. సాధారణముగా కొద్ది నిమిషములలో పని ముగియును. గాలిని తోడకుండ మామూలు వాతావరణములోనే చికిత్స చేయు యంత్రములును గలవు. అందు తోలు రెండు పలకల మధ్యనుండి కదలుచు పోవును.

లోపల జరుగునది ఇది. ఎలక్ట్రాన్లు, విద్యుత్కణములు, అతినీల కిరణములు తోలు పైపొరను తాకును. మొదట పైనున్న సన్నని జిడ్డు విడిపోయి ఆవిరిగా పోవును. పిమ్మట పైపొర అణువులలోని బంధములు కొన్ని తెగును. తెగినచోట వాయువులోని కణములు అతుకుకొనును. గాలిగాని, ఆక్సిజన్‌గాని వాడినచో నీటిని ప్రేమించు అంశములు చేరును. నీటిబొట్టు పరచుకొని లోనికి ఇంకును. రంగు, జిగురు, పైపూత చక్కగా పట్టును. ఆర్గాన్ వాయువు వాడినను ఇంచుమించు ఇట్టి ఫలితమే వచ్చును, ఏలయనగా తెగిన బంధములు బయటికి తీసినవెంటనే గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకొనును. సిలికాను సంబంధమైన ఆవిరినిగాని, ఫ్లోరీను గల వాయువునుగాని వాడినచో చేమ ఆకు వంటి పొర ఏర్పడును, నీరు జారిపోవును.

ఈ మార్పు లోతు ఎంత? సాధారణముగా ఒక మిల్లీమీటరులో పదివేలవ వంతు మించదు. మేక తోలు మందము సుమారు ఒక మిల్లీమీటరు. అనగా పదివేల పొరల పుస్తకములో మొదటి పొరను మాత్రమే మార్చినట్లు. గాలి తోడిన పెట్టెలో వాయువు రంధ్రములగుండ కొంత లోపలికి గూడ చొరబడును గాని, పని ముఖ్యముగా పైననే. కావున తోలు బలము, మెత్తదనము, ఊపిరాడు గుణము చెడవు. ఇదియే ఈ పద్ధతికి గల గొప్ప సుగుణము. దీని పరిమితియును ఇదియే.

రష్యాలోని కజాన్ నగరపు సాంకేతిక విశ్వవిద్యాలయమున తోళ్ళకు, బొచ్చు తోళ్ళకు ఈ చికిత్సను గూర్చి చాల కాలముగా కృషి జరిగినది. టర్కీ, చైనా దేశములలోను పరిశోధనలు సాగినవి. మన దేశమున గాంధీనగరులోని ప్లాస్మా పరిశోధన సంస్థవారు అంగోరా కుందేటి ఉన్నికి ఈ పద్ధతిని వర్తింపజేసిరి. ఆ ఉన్ని మిక్కిలి జారుడు. వడుకునపుడు పోగులు ఊడి పోవును. ప్లాస్మా తాకిన పిమ్మట పోగులు ఒకదాని నొకటి పట్టుకొని నూలు గట్టిపడును. పశువుల నుండి వచ్చు సరుకుకు మన దేశములోనే ఈ విద్య పనికివచ్చినదనుటకు ఇది నిదర్శనము.

ప్లాస్మా చేయలేని పనులు

1. చికిత్స ప్రభావము శాశ్వతము కాదు. ఆక్సిజన్‌తో మార్చిన పైపొర రోజులు, వారములు గడచినకొలది పూర్వపు గుణమునకు మరలుచుండును. కావున చికిత్స చేసిన వెంటనే రంగుగాని, పూతగాని వేయవలెను.

2. తోలు బాగుగా ఆరియుండవలెను. తడి తోలును గాలి తోడిన పెట్టెలో నుంచిన, అందలి నీరు ఆవిరియై పంపును బాధించును, పని సాగదు.

3. ఎక్కువసేపు ఉంచిన మేలుకు బదులు కీడు కలుగును. పైపొర చివికి, పూత దానితోపాటే ఊడివచ్చును.

4. ఫ్లోరీను వాయువులలో కొన్ని భూమిని వేడెక్కించుటలో బొగ్గుపులుసు గాలికంటె ఆరువేల రెట్లకు పైగా బలము గలవి. వానిని బయటికి వదలుట ప్రమాదము. సిలికా సంబంధమైనవి వాడుట మేలు.

5. అన్నిటికంటె ముఖ్యమైనది: గోమారు కొరికిన మచ్చను, ముండ్లకంప గీతను, వాత గుర్తును, కత్తిగాటును ప్లాస్మా మాన్పజాలదు. కుళ్ళిన తోలును బాగుచేయజాలదు. పదివేలవ వంతు పొరను మార్చు చికిత్స, తోలు సగము లోతు దిగిన గాయమును ఎట్లు పూడ్చును? ఉప్పు మొలిచిన నేలపై మంచి విత్తనము చల్లిన ఫలమేమి?

కావున మొదటి ప్రశ్నకు సమాధానము స్పష్టము. యంత్రము వచ్చినంత మాత్రమున రైతు తోలుకు ధర పెరుగదు. మచ్చలేని తోలుకే ఈ చికిత్స శోభనిచ్చును. యంత్రము వెల గొప్పది. నిత్యము పనియున్న పెద్ద కార్ఖానాకే అది కిట్టును. గ్రామ సహకార సంఘములుగాని, రైతు సంఘములుగాని దీనిపై ధనము పెట్టుట ఇప్పుడు తగదు. ఆ ధనములో కొద్ది భాగమును ఉప్పు, చల్లని కొట్టము, వలుచువారికి శిక్షణ వీనిపై ఖర్చుచేసిన ఎక్కువ లాభము గలుగును.

మురికినీరు, మన నేల

ఇక రెండవ ప్రశ్న. కిలో పచ్చితోలును ఊని పూర్తి చేయుటకు 30 నుండి 40 లీటర్ల నీరు పట్టును. ఒక చిన్న లెక్క వేయుదము. కిలోన్నర బరువు గల 1000 మేక తోళ్ళ తూకము 1500 కిలోలు. వానిని చెడకుండ నిలువచేయుటకు నూటికి 40 పాళ్ళ చొప్పున పట్టు ఉప్పు 600 కిలోలు. పట్టు నీరు 45,000 నుండి 60,000 లీటర్లు. ఆ ఉప్పులో చాల భాగము మొదటి నానుడు నీటిలోనే కరగి బయటికి పోవును. దానివెంట సున్నము, వెండ్రుకలు, క్రోమియం పోవును.

దీని ఫలితమును చూడవలెనన్న తమిళనాడులోని పాలారు నదీ ప్రాంతమును చూడవచ్చును. వేలూరు పౌరుల సంక్షేమ వేదిక వేసిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు 1996 ఆగస్టు 28న తీర్పు చెప్పినది. తోళ్ళ కార్ఖానాలున్న ప్రాంతములో సుమారు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతగానో, పూర్తిగానో సేద్యమునకు పనికిరాకుండ పోయినదని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయపు వేలూరు పరిశోధన కేంద్రము చేసిన ప్రాథమిక పరిశీలనను ఆ తీర్పులో ఉదహరించిరి. చెరచినవాడే చెరుపునకు మూల్యము చెల్లింపవలెనన్న సూత్రమును ఆ తీర్పు మన దేశ న్యాయములో స్థిరపరచినది.

నేల ఎట్లు చెడును? ఉప్పులోని సోడియం మట్టికణములను పట్టియున్న సున్నపు అంశమును త్రోసివేసి తాను కూర్చుండును. అప్పుడు గుల్లగా నుండవలసిన మట్టి విడిపోయి, తడిసిన బురదగాను, ఎండిన రాయిగాను మారును. నీరు ఇంకదు, గాలి ఆడదు, వేరు దిగదు. మట్టి పరీక్షలో లవణ సూచిక 4 దాటినచో చౌడు నేలగా పరిగణింతురు. కంది, పెసర, శనగ వంటి పప్పుజాతి పైర్లు ఉప్పుకు బొత్తిగా తాళలేవు. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిపప్పునకు ఈ ప్రాంతపు నేలయే ఆధారము. అనంతగిరి కొండలలో పుట్టు మూసీనది ఈ జిల్లాలోనే మొదలగును. ఇచ్చట నీటిని చెరచిన, క్రింది ఊళ్ళన్నిటిని చెరచినట్లే.

ప్లాస్మా ఈ బాధను తగ్గించునా? కొంతవరకు. రంగులద్దుట, పైపూత వేయుట అను చివరి దశలలో ద్రావకములు, రంగు వృథా, కడుగు నీరు తగ్గును. ఊనుటకు ముందు ప్లాస్మా తాకించినచో ఊను పదార్థము త్వరగా లోనికి దిగునని గూడ పరిశోధకులు ప్రకటించియున్నారు. అయితే ఉప్పు, సున్నము, వెండ్రుకలతో కూడిన మొదటి దశల మురికియే ఎక్కువ. దానిని ప్లాస్మా తాకనైన తాకదు. కావున "మా కార్ఖానాలో ప్లాస్మా యంత్రమున్నది, మురికినీరు రాదు" అని ఎవరైన చెప్పిన నమ్మరాదు. నానుడు నీరు ఎచ్చటికి పోవును, ఉప్పును ఎట్లు వేరుచేయుదురు, క్రోమియంను మరల ఎట్లు పట్టుదురు అని గ్రామసభలో అడుగవలెను. అడుగుటకు రైతుకు పూర్తి హక్కు గలదు.

ఇదివరకే ఉప్పునీరు పారిన చేను గలవారు మట్టిని, బావినీటిని పరీక్ష చేయింపవలెను. పరీక్ష చూపిన మేరకు జిప్సం వేసి, మురుగు కాలువలు తీసి, మంచినీటితో ఉప్పును క్రిందికి దింపవలెను. మంచినీరు, మురుగు పోవు దారి రెండును లేక జిప్సం మాత్రము వేసిన వృథా.

రైతు చేయదగిన పనులు

బ్రతికియున్నపుడు:

1. గోమార్లు, పిడుదులు, గజ్జి లేకుండ పశువైద్యుని సలహాపై మందు వాడవలెను. పురుగు కొరికిన ప్రతిచోట ఊనిన తోలుపై గుంట కనబడును.

2. గొర్రెలకు, మేకలకు మశూచి టీకాలు, పశువులకు ముద్దచర్మ వ్యాధి టీకాలు సకాలమున వేయింపవలెను. ఈ వ్యాధుల మచ్చలు తోలు లోతుకు దిగును.

3. వాతలు పెట్టరాదు. వాత వలన రోగము పోదు. తోలు మధ్యభాగము చెడును. గుర్తు కావలెనన్న చెవిపోగు వేయింపవలెను.

4. మందను తుమ్మకంప, ముండ్లతీగ నడుమ నుండి తోలరాదు. ముల్లుకర్ర వాడరాదు.

5. మన ప్రాంతపు దక్కని గొర్రెకు ముతక ఉన్ని యుండును. ఉన్ని గొర్రె తోలు, నెల్లూరు వంటి వెండ్రుకల గొర్రె తోలుకంటె వదులుగా నుండును. మేక తోలు పైపొర అల్లిక మేలైనది. తోళ్ళను కలగలుపు చేయక వేరువేరుగా అమ్మవలెను.

కోసిన పిమ్మట:

1. మొదటి గాటు మాత్రము కత్తితో పెట్టి, తక్కినది పిడికిలితో త్రోయుచు వలువవలెను. మంచి తోళ్ళు చెడుటకు కత్తిగాట్లు పెద్ద కారణము.

2. నేలపై ఈడ్వరాదు. రక్తము, పేడ కడిగి, నీరు వోడ్చి, నీడను చల్లార్చవలెను.

3. వేసవిలో నాలుగైదు గంటలలోపుగనే ఉప్పు పెట్టవలెను. మట్టి కలియని కల్లుప్పును నలుగగొట్టి, తోలు బరువులో నూటికి 40 పాళ్ళు మాంసము వైపు అన్నిచోట్ల రుద్దవలెను. అంచులు, మెడ, కాళ్ళ ముడుతలు మరువరాదు.

4. ఏటవాలు అరుగుపై పరచి ఊట కారనీయవలెను. ఆ ఊట చేనిలోనికి, బావి దగ్గరకు పోకుండ తొట్టిలో పట్టవలెను.

5. ఎండలో కాగిన బండపై తోలు పరచరాదు. తాండూరు బండ మధ్యాహ్నమునకు ఎంత కాలునో అందరకు తెలియును. పైన గట్టిపడి లోపల ఉడికిన తోలు, సున్నపు నీటిలో వేయగానే ముక్కలగును. ఎండబెట్టవలసి వచ్చిన నీడలో, గాలి తగులునట్లు, దండెముపై వ్రేలాడదీయవలెను.

6. అమ్ముటకు ముందు అదనపు ఉప్పును దులిపి ప్రోగుచేయవలెను. దులిపిన ప్రతి కిలో ఉప్పు నీటిలో కలియకుండ ఆపిన ఉప్పే. దానిని చేనిగట్టుపైగాని, వాగులోగాని పారబోయరాదు.

ఒక హెచ్చరిక

అకస్మాత్తుగా చచ్చిన పశువును, గొర్రెను తోలు ఆశతో కోయరాదు. కడుపుబ్బి, ముక్కునుండి, నోటినుండి, మలద్వారమునుండి గడ్డకట్టని నల్లరక్తము కారినచో దొమ్మరోగమని అనుమానింపవలెను. ఇది మనుష్యులకు అంటి ప్రాణము తీయును. కళేబరమును కోయగానే రోగబీజములు గాలి సోకి గట్టి గింజలుగా మారి, నేలలో పదుల సంవత్సరములు బ్రతుకును. తరువాత అచ్చట మేసిన మందకు మరల రోగము వచ్చును. అట్టి కళేబరమును ముట్టక పశువైద్యునకు తెలుపవలెను. ఆయన చెప్పినట్లు సున్నము వేసి ఆరడుగుల లోతున పూడ్చవలెను. ఒక తోలు ధరకు ఒక మనిషి ప్రాణము సరికాదు. చచ్చిన పశువును కోయుమని పేదవానిని పురమాయించుట మహాపాపము.

తంగేడును గూర్చి ఒక మాట

తంగేడు 2014 నుండి తెలంగాణ రాష్ట్ర పుష్పము. బతుకమ్మకు పువ్వు నిచ్చు ఈ పొద బీడులో, ఎఱ్ఱగరపలో, నీరులేనిచోట పెరుగును. వగరు చెక్కతో ఊనిన తోలులో క్రోమియం ఉండదు. ఆ మురికినీటిని శుద్ధి చేయుట కొంత సులభము. చెన్నపట్టణపు ఈస్టిండియా తోలుకు పూర్వము పేరు తెచ్చినది ఈ చెక్కయే. తరువాత దక్షిణాఫ్రికా నుండి వచ్చిన తుమ్మజాతి చెక్క దాని స్థానము నాక్రమించినది. ఆ తోలుకు 2008లో భౌగోళిక గుర్తింపు లభించినది. చేనిగట్లపై, కొండ వాలులపై తంగేడును నరికి కాల్చివేయక నిలుపుకొనుట మంచిది. మట్టి కోత ఆగును. ఆకు పచ్చిరొట్టగా పనికివచ్చును. చెక్క కావలసినపుడు మొదలు పెరుకక కొమ్మలు మాత్రము కోసిన, వానలకు మరల చిగుర్చును.

ప్లాస్మా మంచి విద్యయే. అది ముందుముందు తోళ్ళ కార్ఖానాలలో వ్యాపింపవచ్చును. అయితే అది తోలుకు చివర పెట్టు మెరుగు మాత్రమే. మచ్చలేని జీవము, మంచి వలుపు, సకాలపు ఉప్పు, శుద్ధిచేసిన మురికినీరు, ఇవి నాలుగును దానికి ముందు కావలెను. మొదటి మూడును రైతు దొడ్డిలోనే యున్నవి. నాలుగవది రైతులందరు కలిసి అడిగినప్పుడే వచ్చును.